పెదనాయన మాట తప్పిన పొద్దు

మా ఇంట్లో మొండితనాన్ని మొండితనం అనేవాళ్లు కాదు, మాట అనేవాళ్లు. మా నాయనకు ఒకే ఒక్క అన్న, నాకు పెదనాయన. "ఆయనది మాటంటే మాటే" అని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. ఎప్పుడో నేను పుట్టకముందు తిరుపతిలో ఒక హోటల్లో సాంబారు చల్లగా పోసినారంట. ఇంక ఈ గడప తొక్కను అన్నాడంట. అంతే. నాకు బుద్ధి తెలిసిన కాడినుంచి తిరుపతికి పోయినప్పుడంతా మేము ఆ హోటల్లో కూర్చోని తినేవాళ్లం, ఆయన బయట ఎండలో నిలబడుకోని ఉండేవాడు. హోటలు చేతులు మారింది, వంటవాళ్లు మారినారు, బోర్డు మీద పేరు కూడా మారింది. ఈయన మాత్రం ఎండలోనే. దాన్ని కూడా మా పెద్దమ్మ ఇరుగుపొరుగుకు గొప్పగా చెప్పేది. నాకైతే ఒళ్లు మండేది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే మనిషిని మా పక్క పెద్దమనిషిని చేస్తారు. ఎందుకంటే ఆయనతో ఎవరూ వాదన పెట్టుకోరు, పంచాయితీ బిరీన తెగిపోతాది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, నిజమే. అయితే ఊరికి కావాల్సింది రాజు గదా, మొండివాడు కాదు. ఈ సంగతి మా వాళ్లకు ఎప్పుడూ తట్టలేదు. నాకు కూడా ఆ కార్తీకం దాకా తట్టలేదు.

మా ఊరు తిరుపతి నుంచి సత్యవేడుకు పొయ్యే దోవలో. సగం మాటలు అరవం, సగం తెలుగు, తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ. ఊరికి పైన పెద్ద చెరువు, చెరువు కింద మా వరి కయ్యలు, ఇంకా కిందికి పోతే వాగు, అదే మా వంక, దాని పక్కన దిగువూరు. చెరువు నిండినాక మిగులు నీళ్లు పొయ్యేదానికి కట్టకు ఒక చివర రాతిగోడ కట్టి ఉంటారు. దాన్ని మేము మరవ అంటాం. నీళ్లు ఆ మరవ మీద పొర్లి వంకలో పడి, దిగువూరి పక్కగా పోతాయి. చెరువు మరవ పోయిందంటే, అంటే మరవ మీద నీళ్లు పొర్లినాయంటే, ఊరికి పండగ. గంగమ్మకు చీర పెట్టి, నిమ్మకాయలు కోసి, మేకపోతును కొడతారు.

పండగ చేసుకుంటానే ఇంకో పక్క కడుపు మంట. పొయ్యేవి మన నీళ్లే గదా అని. అందుకని మా రైతులు ఒక పని చేస్తారు. ఎరువుల సంచుల్లో ఇసక నింపి మరవ మీద పేరుస్తారు. మూరెత్తు పేరిస్తే చెరువులో మూరెత్తు నీళ్లు జాస్తి నిలుస్తాయి. అంటే ఆయకట్టు చివర ఉండే కొస కయ్యలకు ఇంకో రెండు తడులు. కట్ట తట్టుకోలేదు, అట్లా చేయగూడదు అని ఇంజనీర్లు వచ్చినప్పుడంతా చెప్తారు. సరే సార్ సరే సార్ అంటాం. వాళ్ల జీపు మలుపు తిరిగిందో లేదో మూటలు భుజానికెత్తుతాం.

కొస కయ్య ఎవరిదంటే, మా నాయనది. అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు తూము పక్కన ఉండే కయ్యలు పెదనాయనకు పోయినాయి, చివరివి నాయనకు వచ్చినాయి. చీట్లేసి పంచుకున్నారు కాబట్టి ఎవరి తప్పూ లేదు. కానీ తూము తెరిస్తే పెదనాయన కయ్యకు నీళ్లు నడిచిపోతాయి, మా కయ్యకు దేకి రావాల. వాన తక్కువైన ఏడు అసలు రావు. ఆ కార్తీకానికి ముందు రెండేండ్లు అట్లే రాలేదు. నాయన ఆ రెండేండ్లూ కూలికి పోలేక, ఇంట్లో కూర్చోలేక, పొద్దస్తమానం ఎండిపోయిన కయ్యల గెనిమ గట్ల మీద తిరుగుతా ఉండేవాడు.

అది తొంభైల చివర. చెరువుకు రైతుల సంఘం అని కొత్తగా పెట్టినారు. ప్రెసిడెంటు ఎవరంటే ఇంకెవరు, పెదనాయనే. పోటీ కూడా లేదు. కార్తీకంలో వానలు దిగినాయి. చెరువు చూస్తా చూస్తా ఉండంగానే నిండుకుంటా వచ్చింది. ఇంక మరవ అందుకుంటాది అనంగా ఆయన రైతులందర్నీ కట్ట మీదికి పిలిపించినాడు. మూటలు పేర్పించినాడు. గంగమ్మ రాయి మీది కుంకుమ వేలికి తీసుకోని, "ఈ ఏడు ఒక్క చుక్క మరవ దాటనీను. దాటనిస్తే నన్ను పెద్దమనిషి అనొద్దండి" అన్నాడు. నాయన అందరికంటే ముందు నిలబడుకోని ఉన్నాడు. నాయన కండ్లల్లో నీళ్లు తిరిగినాయని అమ్మ చెప్పింది. అన్న తన కోసమే ఆ మాట అన్నాడని నాయన అనుకున్నాడు. తన కోసమే అన్నాడు కూడా.

ఆ దినాల్లో నేను తిరుపతిలో బీయెడ్ చేస్తా ఉన్నాను. ఆదివారానికని ఇంటికొచ్చి ఇరుక్కుపోయినాను. వంక పొంగి బస్సులు నిలిచిపోయినాయి. వానంటే అట్లాంటిట్లాంటి వాన కాదు, మబ్బు ఊరి మీద మంచమేసుకోని పండుకునింది. ఇంట్లో కూర్చోని కూర్చోని విసుగు పుట్టి, కుంకుమ ముట్టి చెప్పిన మర్నాడు పొద్దున పెదనాయన కట్ట మీదికి బయల్దేరితే నేనూ గొడుగు పట్టుకోని వెనకాలే పోయినాను. ఆయన నెత్తిన యూరియా సంచి కప్పుకున్నాడు. నాయన ముందే ఆడికి వచ్చి ఉన్నాడు, నిండిన చెరువును చూసుకుంటా.

పెదనాయన కట్ట దిగి కింది పక్కకు పోయినాడు. చెరువు నిండితే కట్ట అడుగున చెమ్మ ఊరడం మామూలే. ఆ పొద్దు ఒక చోట నీళ్లు బుడబుడమని పైకి వస్తా ఉండాయి. ఆయన వంగి దోసిట్లో పట్టి చూసినాడు. ఎర్రగా ఉండాయి. తేటగా ఊరితే భయం లేదు. మన్ను కలిసి వచ్చిందంటే నీళ్లు లోపల కట్టను తింటా ఉన్నట్టు లెక్క. మా ఊళ్లో ఈ సంగతి చంటిబిడ్డలకు తప్ప అందరికీ తెలుసు.

"ఇది సూడ్రా" అన్నాడు పెదనాయన.

నాయన దిగి వచ్చి చూసినాడు. "వానకు పైనుంచి జారిన మన్నన్నా అది. కట్టంతా ఎర్రమన్నే గదా. నీళ్లు ఎర్రగా రాక పాల మాదిరి వస్తాయా?"

అదీ నిజమే. ఆ వానలో యాడ చూసినా ఎర్రనీళ్లే. పెదనాయన లేచి నిలబడినాడు. కొంచెం దూరం పోయినాడు. మళ్లీ వచ్చి వంగి చూసినాడు. "పాపా, నీకు ఎట్లా కనపడతాండాయి?" అని నన్నడిగినాడు. "టీ మాదిరి ఉండాయి పెదనాయనా" అన్నాను. నాకేం తెలుసు! కానీ ఆయన ముఖం చూస్తే నాకు భయమేసింది. ఆయనకు ఒక సంగతి తెలీకుండా ఉండడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

ఇద్దరు ముగ్గురు ముసలి రైతుల్ని పిలిపించి చూపించినాడు. తూము కాడ కయ్యలున్న వాళ్లు, "ఎందుకప్పా వచ్చిన తంటా, తీసేస్తే పోలా" అన్నారు. కొస కయ్యల వాళ్లు, "ఇంతకంటే పెద్ద వానలు చూసిన కట్ట ఇది, ఏం కాదు" అన్నారు. ఎవరి కయ్య యాడుందో వాళ్ల అభిప్రాయం కూడా ఆడే ఉండాది. ఒకాయన ఉపాయం చెప్పినాడు. "దిగువూరోళ్లకు కబురు పంపుదాం. భయమైతే ఇండ్లు ఖాళీ చేసి స్కూలు కాడికి పొమ్మందాం. మన నీళ్లు మనకుంటాయి, వాళ్ల ప్రాణాలు వాళ్లకుంటాయి."

పెదనాయన దిగువూరి పక్కకు చూసినాడు. మధ్యాహ్నం వంట వేళ. అంత వానలో కూడా ఇండ్ల మీద పొగ లేస్తా ఉండాది. "మన రెండు తడుల కోసం పొయ్యిమీది సట్టి దించి, గొడ్డూ గోదా తోలుకోని, ముసలీ ముతకను ఎత్తుకోని పోండి అని చెప్పే మొకం నాకు లేదబ్బా" అన్నాడు. నేరుగా మరవ కాడికి నడిచినాడు.

అంతలోనే ఊళ్లోకి వార్త పాకింది. మేము పోయే లోపలే జనం చేరినారు. అమ్మ వచ్చింది, పెద్దమ్మ వచ్చింది. నీళ్లు పై వరస మూటలకు జానెడు కింద ఆడతా ఉండాయి.

"మూటలు ఎత్తేయండి" అన్నాడు పెదనాయన.

ఒక్కరూ కదల్లేదు. వెనకనుంచి ఒకాయన, "నిన్న గంగమ్మ కుంకుమ ముట్టి చెప్పినావు గదప్పా" అన్నాడు.

"చెప్పినా."

"మరి మాట తప్పుతాండావే."

"తప్పుతాండా. ఎత్తండి."

ఆ జవాబుకు జనం బిత్తరపోయినారు. ఏదో ఒక సాకు చెప్తాడని, గంగమ్మ కలలో కనపడిందనో, ఇంజనీరు కబురు పంపినాడనో అంటాడని అనుకునింటారు. నేనైతే అట్లాంటిదే ఏదో వెతుక్కునేదాన్ని. నాయన గబగబా పోయి మూటల నడుమ కూర్చున్నాడు. మఠం వేసుకోని, పెండ్లి బంతిలో ఆకు ముందర కూర్చున్నట్టు.

"నన్ను ఎత్తి అవతల పడేసి, అప్పుడు తీయన్నా మూటలు" అన్నాడు. "రెండేండ్లుగా నా కయ్యలో గడ్డి మొలవలా. నీకేం, నీ కయ్యలు తూము కాడ ఉండాయి. నువ్వు దినానికో మాట మార్చుకోవచ్చు."

అన్నను ఊరి ముందర ఇట్లా అనగలడని నాయన గురించి ఎవరూ అనుకోలేదు. పెదనాయన ముఖం మాడిపోయింది. మరవకు ఆ చివరకు పోయి, పంచె పైకి కట్టి, మొదటి మూట తానే పట్టి లాగినాడు. అప్పటికే యాభై దాటిన మనిషి. తడిసిన ఇసక మూట, కదిలితే గదా. ఊరంతా చూస్తా నిలబడింది. ఒక్క చెయ్యీ సాయం రాలేదు. ఎంత అసహ్యమేసిందో నాకు! ఇన్నేండ్లూ ఆయన మాటకు తలకాయ ఊపిన వాళ్లంతా, ఆయన మొండిగా ఉన్నప్పుడు వెనకాల నడిచిన వాళ్లంతా, ఆయన మనసు మార్చుకోగానే చేతులు కట్టుకోని నిలబడినారు.

పెద్దమ్మ చీర కుచ్చెళ్లు దోపుకోని దిగింది. "జరుగు" అని మొగుణ్ని పక్కకు తోసి, మూట రెండో మూల పట్టింది. ఇద్దరూ కలిసి దొర్లించినారు. నేను గొడుగు పారేసి దిగినాను. అమ్మ పైనుంచి, "దిగమాకే, జారతాది!" అని అరిచి తానూ దిగింది. ఆడవాళ్లు దిగినాక మగవాళ్లకు సిగ్గేసిందో ఏమో, ఒకరూ ఇద్దరూ వచ్చినారు. ఆ చివరనుంచి మూటలు పోతా ఉంటే నీళ్లు పక్కనుంచి జారుకుంటా నాయన కిందికి వచ్చినాయి. పంచె తడిసి, కూర్చున్న మూట కదిలే దాకా నాయన లెయ్యలేదు. అప్పుడు లేచినాడు. నాకు నవ్వొచ్చింది, అమ్మ నా చెయ్యి గిల్లింది. నాయన ఎవరి పక్కా చూడకుండా ఇంటికి పోయినాడు.

మర్నాడు పొద్దున ఎండ వచ్చింది. అట్లాంటి ఎండ నేను కార్తీకంలో చూడలేదు. ఒక్క మబ్బు తునక లేదు. చెరువు మూరెడు దిగింది, కట్ట అడుగున బుడబుడ ఆగిపోయింది. ఇంకో దినం ఓపిక పట్టి ఉంటే నీళ్లన్నీ నిలిచి ఉండేవి అని ఊరంతా ఒకటే మాట. కట్ట తెగి ఉండేది అనేదానికి ఒక్క సాక్ష్యం కూడా మిగల్లేదు. తెగి ఉంటే వెయ్యి సాక్ష్యాలు ఉండేవి. సంకటం రాకుండా ఆపినవాడికి చూపించుకునేదానికి చేతిలో ఏమీ ఉండదు. ఇది నాకు ఆ ఎండలో అర్థమైంది.

దిగువూరి వాళ్లయినా వచ్చి దండం పెడతారేమో అనుకున్నాను. వచ్చినారు, కొట్లాటకు. మరవ నీళ్లకు వాళ్ల వరినారు కొట్టుకోని పోయిందంట. "చెప్పా పెట్టకుండా నీళ్లు వదిలేదేనా నీ పెద్దమనిషి తనం?" అని వాకిట్లో నిలబడుకోని అరిచినారు. పెదనాయన తన నారుమడిలోది పీక్కోని పొమ్మన్నాడు. ఎందుకు వదిలినాడో మాత్రం చెప్పలేదు. చెప్పు పెదనాయనా అని నేను పళ్లు కొరుక్కున్నా ఆయన చెప్పలేదు.

ఊళ్లో ఆయనను చూస్తే ఎగతాళి మొదలైంది. టీ అంగడి కాడ ఆయన ఏదన్నా చెప్తే, "ఇది నిన్నటి మాటా, ఈ పొద్దు మాటా?" అనేవాళ్లు. పిల్లోళ్లు కూడా నేర్చుకున్నారు. సంఘం మీటింగులో ఆయన దిగిపోయినాడు. ఆయన బదులు పెట్టుకున్న మనిషి, ప్రాణం పోయినా మూటలు ముట్టనీను అని ప్రమాణం చేసినాడు. ఆయన మాట కూడా నిలిచింది. ఆ తర్వాత వరసగా కొన్నేండ్లు మరవ దాకా వచ్చే వానే పడలేదు.

తర్వాత నాకు తిరుపతిలో ఉద్యోగం వచ్చింది. ఒక పైఅధికారి కింద చాలా ఏండ్లు పని చేసినాను. ఆయన తప్పు ఆర్డరు వేసేవాడు. తప్పని ఆయనకూ తెలిసేది, మాకూ తెలిసేది. "ఇప్పుడు మారిస్తే మన మాటకు విలువేముంటాదమ్మా" అనేవాడు. నేను లోపల తిట్టుకునేదాన్ని. అయితే ఆయన భయం ఒట్టి భయం కాదని కూడా నాకు తెలుసు. మనసు మార్చుకున్న పెద్దమనిషిని ఊరు ఏం చేస్తాదో నేను దగ్గర్నుంచి చూసినాను. పట్టూ విడుపూ ఉండాలని అందరూ చెప్తారు. విడిచినవాణ్ని మాత్రం ఒక్కరూ క్షమించరు.

ఆ ఏటి సంగతి ఇంకా ఉండాది. నాయన తన కొస కయ్యలో వరి నాటినాడు. వెన్ను బయటికి వచ్చి, పాలు పోసుకునే వేళకు చెరువులో నీళ్లు అయిపోయినాయి. ఇంకో రెండు తడులు ఉంటే పంట చేతికొచ్చేది. సరిగ్గా ఆ రెండు తడులే. పైరు నిలువునా ఎండింది. నాయన దాన్ని గొడ్లకు మేత కింద కోసుకోని వచ్చి వాకిట్లో వేసినాడు. తాలు గింజలు నలిపి చూసుకుంటా ఉంటే అమ్మ ఇంట్లోకి పోయి ఏడ్చింది.

మరవ పొద్దు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే వాకిలి, నడుమ గోడ కూడా లేదు. అయినా మాటలన్నీ మా మీదనే నడిచేవి. "ఎనుము తాడు తెంపుకునిందని మీ పెదనాయనకు చెప్పు" అనేవాడు నాయన. ఎనుము ఇద్దరి మధ్యా నిలబడి చూస్తా ఉండేది. "విన్నానని చెప్పు" అనేవాడు పెదనాయన. నాకు ఇద్దర్నీ పట్టుకోని తలకాయలు ఢీ కొట్టాలనిపించేది.

ఆ ఎండుగడ్డి వేసిన దినం మధ్యాహ్నం పెదనాయన బయటినుంచి వచ్చినాడు. గడ్డిని చూసి ఆగిపోయినాడు. ఒక పరక తీసి వెన్నును వేళ్లతో నలిపినాడు. అరుగు మీద కూర్చున్నాడు. నాయన ఈ చివర, ఆయన ఆ చివర, నేను నడుమ నిలబడుకోని ఉండాను.

"పాపా" అన్నాడు నాయన. "ఆ పెద్దమనిషిని ఒక మాట అడుగు. ఆ పొద్దు మూటలు తీయకుంటే కట్ట తెగేదా, తెగేది కాదా? కోపంతో కాదు, ఊరికే అడుగుతాండా."

"తెలీదని చెప్పు" అన్నాడు పెదనాయన.

"తెలీకనేనా నా నోటికాడి కూడు వంకలో కలిపింది?"

"తెలీకనే."

పెదనాయన చేతిలో వెన్ను ఇంకా అట్లే ఉండాది.

"తెలుసుకోవాలంటే ఒకటే దోవ ఉన్నింది పాపా" అన్నాడు. "మూటలు అట్లే పెట్టి చూడాల. తెగకుంటే మీ నాయనకు పంట. తెగితే, దిగువూళ్లో పీనుగుల్ని ఎత్తేటప్పుడు మన ఊరోళ్లు చెప్పుకునేవాళ్లు, చూడండి, ఆయన మాట తప్పలా అని. అట్లా తెలుసుకునేదానికి నాకు ధైర్యం చాలలా. వాళ్లన్న పిరికోడని మీ నాయనకు చెప్పు."

నేను నాయన పక్కకు చూసినాను. నాయన తల వంచుకోని ఉన్నాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత లేచి, నన్ను దాటి అవతలికి పోయి, ఆయన చేతిలోని వెన్ను తీసుకోని గడ్డిలోకి విసిరేసినాడు.

"అన్నా, ఎండెక్కింది" అన్నాడు. "లెయ్, కూడు తిందువు."

వాళ్ల మధ్య నేనొకదాన్ని ఉండానని ఇద్దరికీ గుర్తు లేదు.